సిమ్యులేటర్‌లో కాలాన్ని నడిపించడం ఎలా: టిక్, ఈవెంట్ క్యూ, ఒకే టిక్‌లో వచ్చే పనుల వరుస

కంప్యూటర్ ఆర్కిటెక్చర్ సిమ్యులేటర్‌ను మొదటిసారి నడిపిన విద్యార్థికి ఫలితాల ఫైలులో రెండు కాలాలు కనిపిస్తాయి, ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. ప్రోగ్రాము 0.05 సెకన్లలో పూర్తయిందని ఒక వరుస చెబుతుంది. ఆ పనికి ల్యాప్‌టాప్‌కు 500 సెకన్లు పట్టిందని ఇంకొక వరుస చెబుతుంది. మొదటిది సిమ్యులేటర్ లోపల మనం కల్పించిన యంత్రానికి గడిచిన కాలం; రెండోది మీ గోడ గడియారంలో గడిచిన కాలం. ఈ మార్గదర్శిలో మనకు కావలసింది మొదటి కాలం ఎలా ముందుకు కదులుతుందో తెలుసుకోవడం, దానిని మన చేత్తో కదిలించి చూడడం.

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం కళాశాలల్లో ఇంజినీరింగ్ చదువుతూ, ప్రాజెక్టు కోసం జెమ్‌5 (gem5) వంటి సిమ్యులేటర్‌ను ముందు పెట్టుకున్న తెలుగు విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని దీనిని రాస్తున్నాను. దీనికి పెద్ద సర్వరు అక్కర లేదు. ఒక గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, పైథాన్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ ఉంటే చాలు. జెమ్‌5 కోడు జోలికి చివర్లో వెళదాం. ముందుగానే వెళితే సీ ప్లస్ ప్లస్ వివరాల్లో పడి అసలు సూత్రం చేజారిపోతుంది.

ముందు కొలత నిర్ణయించండి

సిమ్యులేటర్‌కు తెలిసిన అతి చిన్న కాలఖండాన్ని టిక్ అంటారు. జెమ్‌5లో మీరు ప్రత్యేకంగా మార్చకపోతే ఒక టిక్ అంటే ఒక పికోసెకను, అనగా సెకనుకు లక్ష కోట్ల టిక్‌లు. ఈ లెక్కను 64 బిట్‌ల ధన పూర్ణాంకంలో ఉంచుతారు కాబట్టి, కల్పిత యంత్రం సుమారు 213 రోజులు నడిచేదాకా ఆ సంఖ్య నిండిపోదు. ఏ విద్యార్థి ప్రాజెక్టూ అంత దూరం వెళ్లదు.

ఇప్పుడు మీ యంత్రంలోని ప్రతి క్లాక్‌ను టిక్‌లలోకి మార్చి నోటుబుక్కు పై అంచున రాసుకోండి. 1 గిగాహెర్ట్జ్ క్లాక్‌కు ఒక సైకిల్, అనగా క్లాక్ కొట్టే రెండు దెబ్బల మధ్య కాలం, 1000 టిక్‌లు, 2 గిగాహెర్ట్జ్‌కు 500, 800 మెగాహెర్ట్జ్‌కు 1250. మూడు గిగాహెర్ట్జ్ దగ్గర చిక్కు వస్తుంది: 333.33 అన్నది పూర్ణాంకం కాదు కాబట్టి 333 అవుతుంది, ఆ ప్రాసెసర్ మీరు అడిగిన దానికంటే సుమారు 0.1 శాతం వేగంగా నడుస్తుంది. చిన్న తేడాయే, అయినా ఫలితాల్లో అర శాతం మెరుగుదల గురించి వాదించబోయేవారు దీనిని తెలుసుకొని ఉండాలి.

దశాంశ సంఖ్యలు వాడితే ఈ బాధ ఉండదు కదా అనిపించవచ్చు. వాడకండి. రెండు పనులు సరిగ్గా ఒకే క్షణంలో జరగవలసి ఉన్నప్పుడు అవి ఒకే క్షణంలో ఉన్నాయని సిమ్యులేటర్ గుర్తుపట్టగలగాలి. దశాంశ సంఖ్యల కూడికలో చివరి అంకె అటూ ఇటూ అయితే ఆ రెండూ వేరు వేరు క్షణాలైపోతాయి, ఏది ముందన్నది కేవలం యాదృచ్ఛికమవుతుంది.

నోటుబుక్కులో ఒక మెమరీ రీడ్

కాలాన్ని నడిపించే పద్ధతులు రెండు. మొదటిదానిలో సైకిల్ తరువాత సైకిల్ లెక్కపెడుతూ, ప్రతి సైకిల్‌లో ప్రతి భాగాన్నీ పలకరిస్తారు. రెండోదానిలో రాబోయే పనుల పట్టిక ఒకటి పెట్టుకొని, అందులో అన్నిటికంటే ముందు రావలసిన పని దగ్గరికి నేరుగా దూకుతారు. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే లైనులో లెవెల్ క్రాసింగ్ గేటుమేన్ నిమిషానికోసారి లేచి పట్టాల వైపు చూడడు. తరువాతి రైలు కబురు అందినప్పుడే లేచి గేటు వేస్తాడు. రెండో పద్ధతి సరిగ్గా అదే, ఆ రాబోయే పనినే ఈవెంట్ అంటాం.

నోటుబుక్కులో నాలుగు నిలువు గడులు గీయండి: టిక్, ప్రాధాన్యం (దీనిని ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి, తరువాత వాడదాం), పని, ఆ పని కొత్తగా పట్టికలో వేసిన ఈవెంట్. మన యంత్రంలో 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, అదే క్లాక్ మీద నడిచే క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ), 800 మెగాహెర్ట్జ్ మెమరీ కంట్రోలర్ (ప్రధాన మెమరీతో రాకపోకలు చూసే భాగం) ఉన్నాయి. క్యాష్‌లో వెతకడానికి 2 సైకిళ్లు, మెమరీ నుంచి తేవడానికి కంట్రోలర్ క్లాక్‌లో 29 సైకిళ్లు పడతాయని అనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం నేను ఎంచుకున్నవి, ఏ నిజమైన చిప్పువీ కావు.

టిక్ 1000 వద్ద ప్రాసెసర్ ఒక రీడ్ రిక్వెస్టు పంపుతుంది. క్యాష్ వెంటనే జవాబు చెప్పదు. 2 సైకిళ్ల తరువాత, అనగా 2000 వద్ద, ‘వెతకడం పూర్తయింది’ అనే ఈవెంట్‌ను పట్టికలో వేసి ఊరుకుంటుంది. ఇప్పుడు 1000 గడిని కొట్టేసి పట్టికలో తరువాతి పని చూడండి. అది 2000. మధ్యలోని 1001 నుంచి 1999 వరకు ఎవరూ ఏమీ చేయలేదు, సిమ్యులేటర్ వాటిని తాకనైనా తాకలేదు.

టిక్ 2000 వద్ద క్యాష్‌లో డేటా దొరకలేదని తేలింది, రిక్వెస్టు మెమరీ కంట్రోలర్‌కు చేరింది. కంట్రోలర్ క్లాక్ అంచులు, అంటే దాని సైకిళ్లు మొదలయ్యే క్షణాలు, 0, 1250, 2500, 3750 దగ్గర ఉన్నాయి. 2000 ఏ అంచు మీదా లేదు కాబట్టి తరువాతి అంచు 2500 వరకు ఆగాలి. 2500 వద్ద పని మొదలుపెట్టి, 29 సైకిళ్లకు 36250 టిక్‌లు కలిపి, 38750 వద్ద ‘డేటా సిద్ధం’ అని ఈవెంట్ వేయండి. 38750 వచ్చాక చూస్తే, అది ప్రాసెసర్ వైపు క్లాక్ అంచు కాదు. క్యాష్ దానిని 39000 వద్దనే నింపుకోగలదు. నింపిన తరువాత ఒక సైకిల్‌కు, 39500 వద్ద, ప్రాసెసర్ మళ్లీ కదులుతుంది.

మొత్తం కథ ఆరు వరుసల్లో ముగిసింది. అదే మొదటి పద్ధతిలో, ఎదురుచూస్తున్న ప్రాసెసర్‌ను ప్రతి 500 టిక్‌లకూ లేపి ‘డేటా వచ్చిందా’ అని అడిగి ఉంటే, 1500 నుంచి 39000 వరకు 76 సార్లు ఉత్తపుణ్యానికి లేపేవాళ్లం. అంతమాత్రాన ఈవెంట్ పద్ధతే అన్నిటా గొప్పదని తీర్మానించకండి. ప్రతి సైకిల్‌లోనూ ఏదో ఒక దశ పని చేసే అవుట్ ఆఫ్ ఆర్డర్ (సూచనలను, అనగా ఇన్‌స్ట్రక్షన్లను, రాసిన వరుసలో కాక సిద్ధమైన వరుసలో నడిపే) ప్రాసెసర్ కోర్‌కు సైకిల్ లెక్కే సహజం. దానికి ఈవెంట్ పట్టిక అదనపు బరువు. అందుకే జెమ్‌5లోని ఆ కోర్ ఈ రెండింటినీ కలుపుకుంటుంది: పని ఉన్నంత కాలం ప్రతి సైకిల్‌కూ తన టిక్ ఈవెంట్‌ను తానే మళ్లీ వేసుకుంటుంది, పని లేనప్పుడు వేసుకోవడం మానేసి, ఎవరైనా లేపేవరకు పడుకుంటుంది.

వీలైతే ఈ అభ్యాసాన్ని ఇద్దరు కలిసి చేయండి. ఒకరు పట్టిక పట్టుకొని కేవలం తరువాతి ఈవెంట్‌ను చదవాలి. రెండోవారు ప్రాసెసర్, క్యాష్, కంట్రోలర్ పాత్రలు వేసి కొత్త ఈవెంట్లు చెప్పాలి. పట్టిక పట్టుకున్నవారికి క్యాష్ అంటే ఏమిటో తెలియనవసరం లేదు. నిజమైన సిమ్యులేటర్‌లో కూడా ఈవెంట్ క్యూకు ఆ సంగతి తెలియదు.

పైథాన్‌లో ఇరవై వరుసల షెడ్యూలర్

ఇప్పుడు ఆ పట్టికను ప్రోగ్రాముగా రాయండి. పైథాన్‌తో వచ్చే హీప్‌క్యూ మాడ్యూల్ ఇందుకు సరిపోతుంది; అది హీప్ అనే జాబితాలో అన్నిటికంటే చిన్నదానిని ఎప్పుడూ పైన ఉంచుతుంది. ‘ఇప్పుడు’ అనే ఒక చలరాశి, ఖాళీ జాబితా ఒకటి, ‘షెడ్యూల్’ అనే ఫంక్షన్, ‘నడుపు’ అనే లూపు. షెడ్యూల్ ఫంక్షన్ ఇవ్వబడిన టిక్ ‘ఇప్పుడు’ కంటే తక్కువైతే వెంటనే తప్పు చూపి ఆపాలి; లేకపోతే ఈవెంట్‌ను హీప్‌లోకి నెట్టాలి. లూపు హీప్ పైనున్న ఈవెంట్‌ను తీసి, ‘ఇప్పుడు’ను ఆ ఈవెంట్ టిక్‌కు మార్చి, దాని ఫంక్షన్‌ను పిలవాలి. కాలానికి ఒకటి కలిపే వరుస ఈ ప్రోగ్రాములో ఎక్కడా ఉండకూడదు. ఉంటే మీరు మళ్లీ మొదటి పద్ధతిలోకి జారారని అర్థం.

హీప్‌లో టిక్, ప్రాధాన్యం, ఫంక్షన్ అనే మూడింటిని మాత్రమే టపుల్‌గా పెడితే, రెండు ఈవెంట్ల టిక్, ప్రాధాన్యం సమానమైన మరుక్షణం పైథాన్ ఆ రెండు ఫంక్షన్లను పోల్చబోయి టైప్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఫంక్షన్‌కు ముందు ఒక క్రమసంఖ్యను, వేసిన ప్రతిసారీ ఒకటి పెరిగేలా, చేర్చండి. అప్పుడు సమాన ఈవెంట్లలో ముందు వేసినది ముందు నడుస్తుంది. ఆ సంఖ్యను రుణ సంఖ్యగా పెడితే చివర వేసినది ముందు నడుస్తుంది. ఈ రెండో వరుస ఎందుకు కావాలో కిందనే వస్తుంది.

వేసిన ఈవెంట్‌ను రద్దు చేయవలసి వస్తే హీప్ మధ్యలో వెతికి పీకవద్దు. ఈవెంట్ మీద ‘రద్దు’ అని గుర్తు పెట్టి వదిలేయండి, వంతు వచ్చినప్పుడు లూపు దానిని చూసి దాటిపోతుంది.

ఒకే టిక్‌లో రెండు పనులు

ఇక్కడే ఎక్కువ సమయం గడపండి. కాలం విషయంలో సిమ్యులేటర్ల మధ్య వచ్చే తేడాలు, ఎవరికీ అంతుపట్టని తప్పులు చాలావరకు ఈ చోటే పుడతాయని నా అభిప్రాయం.

నోటుబుక్కులో ఇంకొక భాగాన్ని చేర్చండి: ప్రతి 13000 టిక్‌లకూ గణాంకాలు రాసే ఈవెంట్. అది 13000, 26000, 39000 వద్ద నడుస్తుంది. 39000 వద్దనే క్యాష్ నింపే పని కూడా ఉంది. గణాంకాలు ముందు నడిస్తే క్యాష్ నింపిన లెక్క ఈ విడతలోకి రాదు. తరువాత నడిస్తే వస్తుంది. కల్పిత కాలం రెండింటికీ ఒక్కటే, ఫలితం మాత్రం వేరు. దీనిని అదృష్టానికి వదలకుండా ఉండడానికే ప్రాధాన్యం అనే గడి. జెమ్‌5లో చిన్న సంఖ్య ముందు నడుస్తుంది: మామూలు ఈవెంట్‌కు 0, ప్రాసెసర్ టిక్‌కు 50, గణాంకాలకు 90, సిమ్యులేషన్ ముగింపుకు 100. అందువల్ల ఒకే టిక్‌లో ముందు డేటా చేరుతుంది, తరువాత ప్రాసెసర్ దానిని చూస్తుంది, ఆ పైన లెక్కలు రాయబడతాయి, అన్నీ అయ్యాకే ఆట ముగుస్తుంది.

టిక్, ప్రాధాన్యం రెండూ సమానమైతే? జెమ్‌5 ఈవెంట్ క్యూ నిజానికి జాబితాల జాబితా. టిక్, ప్రాధాన్యం కలిసిన ప్రతి జతకూ ఒక అర ఉంటుంది. అదే జతతో వచ్చిన ఈవెంట్లు ఆ అరలో ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, పైనుంచి తీయబడతాయి. అంటే చివర వేసినది ముందు నడుస్తుంది. ముందు వచ్చినవారికి ముందు అనే మామూలు న్యాయం ఇక్కడ లేదు, కాబట్టి ‘నేను ముందు వేశాను కనుక ముందే నడుస్తుంది’ అన్న నమ్మకం మీద ఏ భాగాన్నీ కట్టకండి. వరుస నిజంగా ముఖ్యమైతే ప్రాధాన్యంతో చెప్పండి, లేదా రెండో పనిని మొదటి పని చేతనే పిలిపించండి.

ఇంకొక సూక్ష్మం ఉంది. ప్రాధాన్యం 50 ఉన్న ఈవెంట్ నడుస్తూ, అదే టిక్‌కు ప్రాధాన్యం 0 తో కొత్త ఈవెంట్ వేసిందనుకోండి. గడిచిపోయిన వంతు వెనక్కి రాదు. కొత్త ఈవెంట్ వెంటనే తరువాత నడుస్తుంది. ‘ఈ టిక్‌లో ప్రాధాన్యం 0 పనులన్నీ అయిపోయాయి’ అని 50 వారు అనుకోవడం అప్పుడు తప్పవుతుంది. ఈ కారణంగా సున్నా ఆలస్యంతో ఈవెంట్ వేసే ప్రతిచోటా నోటుబుక్కులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి.

సైకిల్ పద్ధతిలో రాసిన సిమ్యులేటర్లకూ ఈ సమస్య తప్పలేదు. సింపుల్‌స్కేలర్ అనే సిమ్యులేటర్‌లోని అవుట్ ఆఫ్ ఆర్డర్ నమూనా పైప్‌లైన్ దశలను ప్రతి సైకిల్‌లోనూ వెనుక నుంచి ముందుకు, కమిట్‌తో (ఫలితాన్ని ఖరారు చేసే చివరి దశ) మొదలుపెట్టి ఫెచ్‌తో (సూచనను తెచ్చే మొదటి దశ) ముగించి, పిలుస్తుంది. ముందు నుంచి పిలిస్తే ఒకే సూచన ఒకే సైకిల్‌లో అన్ని దశలూ దాటేస్తుంది. హార్డ్‌వేర్ నమూనాలు రాసే సిస్టమ్‌సీలో విలువ లెక్కించే దశను, దానిని అందరికీ కనిపించేలా మార్చే దశను విడదీసి, కాలం కదలకుండానే ఆ రెండింటినీ అవసరమైనన్ని సార్లు తిప్పుతారు.

ఇప్పుడు జెమ్‌5 తెరవండి

మిషిగన్ విశ్వవిద్యాలయపు ఎమ్5, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు జెమ్స్ అనే రెండు సిమ్యులేటర్ల కలయికగా 2011లో జెమ్‌5 వెలుగులోకి వచ్చింది. బిల్డ్ చేసేటప్పుడు 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద ఒకేసారి ఎక్కువ జాబులు పెట్టకండి. మెమరీ చాలక మధ్యలో ఆగిపోవచ్చు. ఒకటి రెండు జాబులతో రాత్రికి వదిలేయడమే నయం.

సోర్సు ఫోల్డరులోని సిమ్ ఉపఫోల్డరులో ఈవెంట్ క్యూ ఫైళ్లు ఉంటాయి. మీరు నోటుబుక్కులో చేసినదంతా అక్కడ కనిపిస్తుంది. మీ సొంత భాగాన్ని క్లాక్ ఉన్న వస్తువుగా, అంటే క్లాక్డ్ ఆబ్జెక్ట్ నుంచి పుట్టించండి. అప్పుడు టిక్‌ల కూడికలు మీరు చేయనవసరం లేదు. క్లాక్‌ఎడ్జ్ అనే ఫంక్షన్‌కు ఎన్ని సైకిళ్లో చెబితే, మీ క్లాక్ అంచుకు సరిపెట్టిన టిక్ వస్తుంది. ఇప్పటి టిక్ సరిగ్గా అంచు మీద ఉండి మీరు సున్నా సైకిళ్లు అడిగితే, ఇప్పటి టిక్కే తిరిగి వస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

మొదటి ఈవెంట్‌ను కన్‌స్ట్రక్టర్‌లో వేయకండి. స్టార్టప్ అనే ఫంక్షన్‌లో వేయండి. చెక్‌పాయింట్ (మధ్యలో భద్రపరచిన స్థితి) నుంచి తిరిగి మొదలైనప్పుడు పాత స్థితి అంతా చదవడం పూర్తయ్యాకే అది పిలవబడుతుంది, అప్పటికి ఇప్పటి టిక్ ఎంతో సరిగ్గా తెలుస్తుంది.

నడిపేటప్పుడు ఈవెంట్ అనే డీబగ్ ఫ్లాగు పెడితే ప్రతి ఈవెంట్ కదలికా టిక్‌తో సహా అచ్చవుతుంది. ఫైలు చాలా త్వరగా పెద్దదవుతుంది కాబట్టి, డీబగ్ మొదలయ్యే టిక్, ముగిసే టిక్ రెండూ ఇచ్చి చిన్న కిటికీలోంచి మాత్రమే చూడండి.

ఎదురయ్యే తప్పులు మూడు నాలుగు రకాలే. గడిచిపోయిన టిక్‌కు ఈవెంట్ వేస్తే అసర్ట్ (కోడులో పెట్టిన తనిఖీ) ప్రోగ్రామును ఆపేస్తుంది. సాధారణంగా సైకిళ్లను టిక్‌లుగా మార్చడం మరచిన చోట ఇది వస్తుంది. ఇప్పటికే పట్టికలో ఉన్న ఈవెంట్‌ను మళ్లీ వేసినా అసర్టే. ఒక ఈవెంట్ వస్తువు ఒకసారి ఒక్క చోటే ఉండగలదు, కాబట్టి ముందు అది పట్టికలో ఉందేమో అడగండి, లేదా రీషెడ్యూల్ వాడండి. అన్నిటికంటే వింతగా కనిపించేది మాత్రం, సిమ్యులేషన్ 18446744073709551615 అనే టిక్ వద్ద ముగిసిందని వచ్చే సందేశం. మీ ప్రోగ్రాము 213 రోజులు నడవలేదు. పట్టిక ఖాళీ అయింది, మిగిలిన ఏకైక ఈవెంట్ కాలపు చివరి అంచున జెమ్‌5 తనకు తాను వేసుకున్న ముగింపు ఈవెంట్. లూపు నేరుగా అక్కడికి దూకింది. అంటే మీ భాగాల్లో ఒకటి ఎవరి జవాబు కోసమో నిద్రపోయింది, దానిని లేపవలసినవారు ఈవెంట్ వేయలేదు. తిరస్కరించిన రిక్వెస్టుకు ‘మళ్లీ పంపు’ అనే కబురు పంపడం మరచిన పోర్టును (భాగాలు రిక్వెస్టులు ఇచ్చిపుచ్చుకునే ద్వారం) ముందు అనుమానించండి.

గోడ గడియారం, కరెంటు

ఈవెంట్ల సంఖ్యే మీ ల్యాప్‌టాప్‌కు పట్టే కాలాన్ని నిర్ణయిస్తుంది, కల్పిత కాలం పొడవు కాదు. సెకనుకు 2 లక్షల సూచనలు నడిపే సిమ్యులేటర్ మీద, సైకిల్‌కు ఒక సూచన చొప్పున నడిచే 2 గిగాహెర్ట్జ్ యంత్రపు ఒక్క సెకనుకు 10,000 సెకన్లు, అనగా రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పడుతుంది. వేసవి గాలివానలకు కరెంటు పోయే మన ఊళ్లలో బ్యాటరీ పాతబడిన ల్యాప్‌టాప్‌ను నమ్ముకొని అంత పొడవు పరుగు ఒక్క విడతలో పెట్టకూడదు. మధ్య మధ్య చెక్‌పాయింట్ తీయండి. తీసే ముందు జెమ్‌5 ప్రతి భాగాన్నీ చేతిలో ఉన్న పని ముగించమని అడుగుతుంది; ఆ డ్రెయిన్ అయ్యాకే స్థితి రాయబడుతుంది. మీరు రాసిన భాగంలో పెండింగు ఈవెంట్ ఉంటే దాని టిక్‌ను రాయడం, తిరిగి వచ్చాక మళ్లీ వేయడం మీ బాధ్యత. తిరిగి మొదలైనప్పుడు టిక్ ఆగిన చోటి నుంచే సాగుతుంది, కానీ మామూలు క్యాష్‌లు ఖాళీగా లేస్తాయి కాబట్టి కొంత దూరం నడిపి, గణాంకాలను సున్నా చేసి, అప్పుడు కొలవండి.

చివరి అభ్యాసం

పాత నోటుబుక్కు పట్టికకు తిరిగి వెళ్లి, ప్రాసెసర్ క్లాక్‌ను 1.6 గిగాహెర్ట్జ్‌కు తగ్గించండి. ఒక సైకిల్ 625 టిక్‌లు అవుతుంది. రిక్వెస్టు మునుపటిలాగే సున్నా తరువాతి రెండో అంచున, ఈసారి 1250 వద్ద, బయలుదేరుతుంది. క్యాష్ వెతకడం 2500 వద్ద ముగుస్తుంది. అది కంట్రోలర్ అంచు కూడా కాబట్టి పని వెంటనే మొదలై 38750 వద్ద డేటా వస్తుంది. అది ప్రాసెసర్ అంచు కూడా, అందువల్ల 39375 వద్దనే ప్రాసెసర్ కదులుతుంది. 2 గిగాహెర్ట్జ్ యంత్రం 39500 వద్ద కదిలింది. నెమ్మది క్లాక్ గెలిచింది.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేయండి: రిక్వెస్టు అందినప్పుడు కంట్రోలర్ క్లాక్‌ఎడ్జ్‌ను సున్నా సైకిళ్లకు కాక ఒక సైకిల్‌కు అడగాలి. రెండు యంత్రాల్లోనూ పని 3750 వద్ద మొదలై 40000 వద్ద ముగుస్తుంది. 40000 రెండు ప్రాసెసర్లకూ అంచే. 2 గిగాహెర్ట్జ్ యంత్రం 40500 వద్ద, 1.6 గిగాహెర్ట్జ్ యంత్రం 40625 వద్ద కదులుతాయి. ఈసారి వేగం క్లాక్ గెలిచింది. నిజమైన హార్డ్‌వేర్‌లో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు క్లాక్‌ల మధ్య సంకేతం దాటడానికి సింక్రొనైజర్ ఫ్లిప్‌ఫ్లాప్‌లు పెడతారు, వాటికి ఒకటి రెండు సైకిళ్లు ఖర్చవుతాయి. కాబట్టి అటువంటి సరిహద్దు వద్ద సున్నా పెట్టడం సాధారణంగా అతి ఉదారమైన లెక్క. ప్రాజెక్టు నివేదికలో క్యాష్ పరిమాణం, క్లాక్ వేగం రాసిన పట్టికలోనే, ఈ సరిహద్దు వద్ద మీరు ఎన్ని సైకిళ్లు పెట్టారో ఒక వరుసలో రాయండి.